చొక్కా చెయ్యి మడత

ఫిబ్రవరి 2

సినిమా ఒప్పుకున్నాను. చిన్న సినిమా. ఎంత చిన్నదంటే దర్శకురాలే కారు నడుపుకుంటూ వచ్చింది, వెనక సీట్లో కెమెరా ఆయన ఒళ్లో లైట్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్లకి ముప్పై కూడా నిండినట్టు లేవు. ఒకచోట నిలబడి రెండు మాటలు మాట్లాడదు. కుర్చీ మీంచి కిటికీ దగ్గరికి, కిటికీ దగ్గర్నుంచి బల్ల మీదికి. ఈ డైరీలో దాని పేరు ఉడుత.

కథేమిటని అడిగాను. తాగుడు మానేసి ఇంటికొచ్చిన మొగుడు, నమ్మాలో వద్దో తెలియని పెళ్లాం, ఒకటే ఇల్లు. "అంతే అక్కా" అంది.

నా మొహంలో ఏం కనిపించిందో, "మీకు నచ్చలేదా?" అని అడిగింది.

"నచ్చకపోవడానికేముంది? నాది కంటిన్యూటీ పని. గ్లాసు కుడిచేత్తో పట్టుకున్నవాడు తర్వాతి షాట్‌లో ఎడమచేత్తో పట్టుకోకుండా చూసుకోవడం నా వంతు. వాడు తాగితే నాకేం, మానితే నాకేం" అన్నాను.

బాగానే చెప్పాను. నమ్మేసింది.

ఫిబ్రవరి 5

హీరో చెక్కేశాడు. ఏదో సీరియల్లో పెద్ద పాత్ర దొరికిందట. షూటింగు ఎల్లుండి పెట్టుకుని ఉడుత నెత్తీనోరూ బాదుకుంటోంది. బాదుకుంటూ బాదుకుంటూ నా దగ్గరికొచ్చి ఆగింది.

"అక్కా, మీవారు నాటకాలు వేసేవారట కదా. కెమెరా ఆయన చెప్పాడు."

"ఇప్పుడు వేయడం లేదు."

"అంటే ఖాళీగానే ఉన్నారా?"

"మా వదినగారింట్లో మేడమీద గదిలో ఉన్నారు" అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు.

ఫిబ్రవరి 6

వెళ్లి అడిగిందట. ఒప్పుకున్నాడట. "ఆ పాత్ర నేను చాలా ఏళ్లు వేశానమ్మా, మానడమే కొత్త" అన్నాడట. ఉడుత ఆ మాట పదిమందికి చెప్పుకుని మురిసిపోతోంది.

నేను తప్పుకుంటానని చెబుదామనుకున్నాను. తర్వాత ఆలోచించాను, నేనెందుకు తప్పుకోవాలి? ముందు ఒప్పుకుంది నేను. ఆయన చికిత్స కేంద్రం నుంచి వచ్చి నేరుగా అక్కగారింటికి వెళ్లాడు. నేను రమ్మనలేదు, ఆయన వస్తాననలేదు. అప్పట్నుంచీ ఫోన్లో బాగున్నావా అంటే బాగున్నాను. ఇప్పుడు రోజంతా ఒక గదిలో. ఉండలేమా ఏమిటి, మేమేమన్నా శత్రువులమా.

సాయంత్రం వదిన ఫోను. ఆవిడ ఉపోద్ఘాతాల మనిషి కాదు.

"అమ్మాయ్, నెలాఖరుకి ఈ ఇల్లు ఖాళీ చేస్తున్నాను. కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాను. మీ ఆయన్ని నాతో మూట కట్టుకుపోలేను కదా. నీ దగ్గరికి వస్తాడా, లేదా? వాడు అడగడు. ఏడుపు మొహంతో మేడ మీద కూర్చుంటాడు తప్ప నోరు తెరిచి అడగడు. నువ్వే చెప్పాలి."

"చూద్దాం వదినా" అన్నాను.

"ఏం చూస్తావే? చూడ్డానికి ఇంకేం మిగిలింది?"

"షూటింగు అయిపోనివ్వండి" అన్నాను. షూటింగు కూడా నెలాఖరుకే అయిపోతుంది.

ఫిబ్రవరి 7

మొదటిరోజు. మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయదు. పడగ్గది మేకప్పుకి, వంటిల్లు సామానుకి, హాలు సినిమాకి.

ఆయన చిక్కాడు. జుట్టు కాస్త పలచబడింది. నన్ను చూసి, "నమస్కారం ఇన్‌స్పెక్టరుగారూ" అన్నాడు. పెళ్లయిన కొత్తలో పెట్టిన పేరు. ఆవలిస్తే పేగులు లెక్కపెడతానని అప్పట్లో ముద్దుగా పెట్టాడు. తర్వాత తర్వాత ఆ ముద్దు పోయి పేరొక్కటే మిగిలింది.

మొదటి షాటే తాగే షాటు, మొగుడి పాత రోజులది. సినిమాలో తాగేదంతా చల్లారిన టీ డికాషన్. పాలు లేని టీని కాచి, వడకట్టి, సీసాలో పోసేస్తే ఎవరికీ తేడా తెలియదు. ప్రతి టేకుకీ సీసాలోనూ గ్లాసులోనూ మట్టం ఒక్కలాగే ఉండాలి, అదీ నా పనే. అందుకని టేకుకి ముందు గ్లాసు చేతిలోకి తీసుకుని చూశాను. మట్టం చూసేటప్పుడు కాస్త వాసన కూడా తగులుతుంది మరి, ఏం చేస్తాం.

మూడో టేకుకి ఆయన చిన్నగా అన్నాడు, "వాసన చూడ్డమెందుకు, ఒక గుక్క తాగి చూడు. పంచదార తక్కువైంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఉడుత నా పని శ్రద్ధ చూసి తెగ ముచ్చటపడింది.

ఫిబ్రవరి 9

ఇవాళ ఆయన వైపు అసలు చూడలేదు. నీలం చొక్కా, పైనుంచి రెండో గుండీ దారం వేలాడుతోంది. మధ్యాహ్నం బయటికి రెండుసార్లు వెళ్లి ఒక్కసారే వచ్చాడు. మరోసారి వెనక తలుపులోంచి వచ్చి ఉంటాడు.

ఫిబ్రవరి 12

సినిమాలో ఆయన భార్యగా వేస్తున్నావిడ పద్ధతైన మనిషి. సినిమావిడ అని పెట్టుకున్నాను పేరు. ఆయన భుజం మీద చెయ్యి వేసే షాటు ఎనిమిది టేకులు తీశారు. చెయ్యి ఎక్కడ వేసిందో గుర్తు పెట్టుకోవాల్సింది కూడా నేనే. ఎడమ భుజం, బొటనవేలు కాలరుకి ఆనుకుని. ఉద్యోగమంటే ఇదీ.

భోజనాల దగ్గర ఆవిడ నన్ను అడిగింది. "అక్కా, మా ఇంట్లో తాగేవాళ్లెవరూ లేరు. ఆయన తాగొచ్చాడని భార్యకి ఎలా తెలుస్తుంది? నోటి వాసన చూస్తుందా?"

నాకు ఎప్పుడూ ఎవరూ ఈ విషయంలో పరీక్ష పెట్టలేదు. పెడితే ఫస్టు వచ్చేదాన్ని.

"వాసన ఆఖర్న తెలుస్తుంది. ముందు చెప్పులు చూడాలి" అన్నాను. "మామూలుగా ఉన్నరోజు ఒకటి గుమ్మం దగ్గర, ఒకటి మంచం కింద విసిరేస్తాడు. తాగిన రోజు రెండూ జతగా, గోడకి ఆనించి, కొలత తీసినట్టు పెడతాడు. తర్వాత భాష. ఆ రోజు పంతులుగారిలా మాట్లాడతాడు. ప్రతి మాటా పూర్తిగా, స్పష్టంగా. ఆ తర్వాత పనులు. అడక్కుండా గిన్నెలు కడుగుతున్నాడంటే ఇంక వాసన చూడక్కర్లేదు."

ఉడుత తినడం మానేసి చెవులు రిక్కించింది. కెమెరా ఆయన పొలమారి దగ్గాడు. నాకు ఊపొచ్చింది, అనుకరించి చూపించాను కూడా. గోడ పక్కన చెప్పులు జాగ్రత్తగా పెట్టి, వెనక్కి ఒక అడుగు వేసి, సరిగ్గా ఉన్నాయా అని తల వంచి చూసి. అందరూ పడీపడీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్విన మనిషి నా వెనకే ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నవ్వడం అయ్యాక ప్లేటు పక్కన పెట్టి బాల్కనీలోకి వెళ్లాడు. చాలాసేపు రాలేదు.

మధ్యాహ్నం ఉడుత సీను మార్చి రాసింది. ఆయన తలుపు తీసుకుని లోపలికొచ్చి, చెప్పులు విడిచి, గోడకి ఆనించి, వెనక్కి ఒక అడుగు వేసి తల వంచి చూశాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. ఒక్క టేకులో అయిపోయింది.

వెళ్లేటప్పుడు మెట్ల మీద నాతో అన్నాడు, "చెప్పుల సంగతి నీకు తెలుసని నాకు తెలియదు. తెలివిగా చేస్తున్నాననుకునేవాణ్ణి."

"రెండో గుండీ ఊడేలా ఉంది, కుట్టించుకోండి" అన్నాను.

ఫిబ్రవరి 13

ఆయన బాగా చేస్తున్నాడు. ఈ మాట ఎక్కడా అనను గనక ఇక్కడ రాస్తున్నాను.

ఫిబ్రవరి 15

వదిన ఫోను. చూస్తున్నాను అన్నాను.

ఫిబ్రవరి 16

సెలవు. ఇల్లు సర్దాను. ఊరికే. బీరువాలో ఒక అర ఖాళీ అయింది. ఎప్పట్నుంచో సర్దాలనుకుంటున్నదే, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఆయన్ని రమ్మంటే ఏమవుతుంది? వస్తాడు. బాగుంటాడు. నేను కళ్లలో వత్తులు వేసుకుని కూర్చుంటాను. పాలప్యాకెట్టుకి వెళ్లినవాడు ఆలస్యమైతే గుమ్మంలో నిలబడతాను. అన్నేళ్లు అదే చేశాను. మళ్లీ చేయడానికి ఓపిక ఉందా అన్నదే నా బెంగ. ఆయన తాగుతాడేమోనన్న భయం కంటే ఈ భయమే ఎక్కువ, నిజం చెప్పాలంటే. రమ్మనకపోతే? ఏమీ కాదు. ఏమీ కాకపోవడమే జరుగుతుంది, ప్రతిరోజూ. అదీ భరించలేకుండానే ఉన్నాను.

ఫిబ్రవరి 19

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పొద్దున ఆయన ఆలస్యంగా వచ్చాడు. ఎప్పుడూ అందరికంటే ముందుండే మనిషి. వచ్చీరాగానే ఉడుత దగ్గరికెళ్లి, "ఆలస్యమైనందుకు క్షమించాలి. దారిలో చిన్న పని పడింది" అన్నాడు. పూర్తిగా, స్పష్టంగా. తర్వాత ఎవరూ అడక్కుండా లైటు స్టాండ్లు రెండు చంకల్లో పెట్టుకుని మూడో అంతస్తుకి మోశాడు. నేను గుమ్మం వైపు చూశాను. చెప్పులు జతగా, గోడకి ఆనించి ఉన్నాయి.



ఇక ఆగలేకపోయాను. వంటింట్లోకి పిలిచాను. తలుపు కూడా వేయలేదు.

"ఎక్కడికెళ్లారు?"

"పనుందని చెప్పాను కదా."

"నోరు తెరవండి" అన్నాను.

నా వైపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను. చిన్నపిల్లాడు డాక్టరు దగ్గర తెరిచినట్టు తెరిచాడు. దగ్గరికెళ్లి వాసన చూశాను. పిప్పరమింటు. తాగొచ్చిన రోజుల్లో వేసుకునేది అదే, ఆ వాసన నాకు తెలియనిదా? "పిప్పరమింటు ఎందుకు తిన్నారు?" అని అరిచాను. అరిచాక చూస్తే గుమ్మంలో మంచినీళ్ల కోసం వచ్చిన సినిమావిడ, ఆవిడ వెనక ఉడుత.

"గది చూడ్డానికి వెళ్లాను" అన్నాడు ఆయన, మామూలు గొంతుతో. "అద్దెకి. ఇంటివాళ్లకి సిగరెట్లంటే పడదని ముందే చెప్పారు, అందుకని పిప్పరమింటు వేసుకున్నాను. అక్క ఇల్లు ఖాళీ చేస్తోంది కదా. నువ్వు చూద్దాం, చూద్దాం అంటున్నావని తనే చెప్పింది. నువ్వు వద్దు అని చెప్పాల్సిన అవసరం లేకుండా చేద్దామనుకున్నాను. నీకు తెలియకూడదని దాచాను, అంతే. దాచేటప్పుడు నా చెప్పులు అలాగే ఉంటాయి కాబోలు, ఏం దాచినా."

సినిమావిడ ఖాళీ గ్లాసుతోనే వెనక్కి వెళ్లిపోయింది. ఉడుత, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారేమో, కదలకుండా నిలబడింది.

"గది దొరికిందా?" అని అడిగాను. అడగాల్సింది అది కాదు.

"దొరికింది. ఒకటో తారీఖు నుంచి వస్తానని చెప్పాను."

సాయంత్రం సామాను సర్దుకుంటున్నప్పుడు మళ్లీ దగ్గరికొచ్చాడు. కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"ఒకటి చెప్పనా? నువ్వు నన్ను కాపలా కాస్తున్నంతసేపూ నేను తాగనివాణ్ణి మాత్రమే. ఇంకేమీ కాను. పొద్దుటి నుంచి రాత్రి దాకా తాగనివాడు, తాగనివాడు. నేను నాటకాలు వేస్తాను, బొమ్మలు గీస్తాను, జోకులు బాగా చెబుతాను. అవన్నీ మర్చిపోయావు నువ్వు. నీ తప్పేం లేదు. మర్చిపోయేలా చేసింది నేనే. కానీ ఇంట్లో కూడా అంతే అయితే నేను తట్టుకోలేను. అందుకే గది."

అంత పొడుగు మాట ఆయన నోట విని ఎన్నాళ్లయిందో. అందులో పంతులుగారి భాష లేదు.

ఫిబ్రవరి 20

క్షమించమని చెబుదామని వెళ్లాను. చెప్పాను. "పర్వాలేదులే ఇన్‌స్పెక్టరుగారూ" అన్నాడు. పర్వాలేదు అన్నవాడితో ఇంకేం మాట్లాడతాం?

ఫిబ్రవరి 21

గ్లాసు వాసన చూడలేదు. మట్టం దూరం నుంచే చూశాను. ఉడుత వచ్చి, "ఒంట్లో బాగాలేదా అక్కా?" అంది.

ఫిబ్రవరి 22

వదిన: "గదట. నువ్వు తేల్చనందుకు వాడు తేల్చుకున్నాడు. ఇద్దరికీ బుద్ధి లేదు."

"అవును వదినా" అన్నాను. ఆవిడ పోట్లాటకి సిద్ధమై ఉంది పాపం, నేను ఒప్పుకునేసరికి ఏం చేయాలో తోచక ఫోను పెట్టేసింది.

ఫిబ్రవరి 25

ఆఖరిరోజు. ఆఖరి సీను. మొగుడూ పెళ్లాలు మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతుంటారు, అతను కేంద్రంలో తను పడిన కష్టం చెప్పుకుని ఏడుస్తాడు. కెమెరా ఒక మూల పెట్టి మొత్తం ఒకే టేకులో తీసేస్తానంది ఉడుత. భోజనాలయ్యాక మళ్లీ దగ్గర్నుంచి మొహాలు తీస్తారు. మామూలుగానే ఫోటో తీసుకున్నాను. తెల్లచొక్కా, రెండు చేతులూ మోచేతి దాకా మడత, దుప్పటి ఆవిడ ఒళ్లో, తువ్వాళ్లు ఆయన కుడిపక్కన.

టేకు మొదలైంది. ఆయన కాగితంలో ఉన్న మాట ఒక్కటీ అనలేదు.

దుప్పటి అంచు అందుకుంటూ, "కేంద్రంలో ఒక్కొక్కడికీ ఒక మొక్క ఇచ్చారు తెలుసా" అన్నాడు. "కుండీలో. పెంచండి, బాధ్యత తెలుస్తుంది అని. నాది వారానికే చచ్చింది. నాకు సిగ్గేసింది. ఒక మొక్కని బతికించలేనివాణ్ణి నన్నేం బతికించుకుంటాను? అందుకని ఏం చేశానంటే, ఎవరూ చూడకుండా పక్కమంచం వాడి మొక్క నా కిటికీలో పెట్టి, నా చచ్చిన మొక్క వాడి కిటికీలో పెట్టాను."

సినిమావిడకి ఇది తెలియదు. నిజంగానే, "అయ్యో" అంది.

"వాడేమో రోజూ ఆ పుల్లకి నీళ్లు పోస్తున్నాడు. దానితో మాట్లాడుతున్నాడు. లే నాన్నా, లే, అంటున్నాడు. ఉండబట్టలేక ఒకరోజు కాళ్లమీద పడ్డంత పనిచేసి చెప్పేశాను, అన్నా, అది నీ మొక్క కాదు, నీది నేను దొంగిలించాను అని. వాడు నా వైపు ఎంతసేపు చూశాడో. చూసి, నువ్వు దొంగిలించింది కూడా నాది కాదురా, నాది వచ్చిన రెండోరోజే చచ్చింది, అది అవతలి గదివాడిది అన్నాడు."

నాకు నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు, కడుపులోంచి తన్నుకొచ్చింది. శబ్దం రికార్డవుతుందని చున్నీ నోట్లో కుక్కుకున్నాను. ఆ అవతలి గదివాడు ఎవరి మొక్క తెచ్చుకున్నాడో అని తట్టి ఇంకా ఎక్కువైంది. కళ్లు మూసుకుపోయాయి, నీళ్లు కారిపోయాయి.

అప్పుడు ఆయన అన్నాడు, అదే గొంతుతో, దుప్పటి మడతపెడుతూనే. "ఇది నీకు చెప్పాలని అక్కడున్నప్పట్నుంచీ అనుకుంటున్నాను. వచ్చాక చెప్పలేదు. నువ్వు నవ్వకముందే, ఆ మొక్క ఎందుకు చచ్చింది, నీళ్లెందుకు పోయలేదు, ఆ వారం ఏం చేస్తున్నారు అని అడుగుతావని."

సినిమావిడ ఆయన చేతిలోని దుప్పటి అంచు తీసుకుంది. ఉడుత కట్ చెప్పడం మర్చిపోయింది. కెమెరా ఆయన గుర్తు చేయాల్సొచ్చింది.

నేను అడగలేదు. మొక్క ఎందుకు చచ్చిందో ఇది రాస్తున్నప్పుడు కూడా అడగాలని లేదు.

మధ్యాహ్నం మొహాలు తీశారు. ఫోటో చూసి చొక్కా చేతులు సరిచేశాను, తువ్వాళ్లు కుడిపక్కన పెట్టాను. అయిపోయింది. ఉడుత అందరినీ పట్టుకుని ఏడ్చింది. ఇంటి తాళాలు ఇంటివాళ్లకి ఇచ్చేశారు. ఆయన ఎవరి బండి మీదో వెళ్లిపోయాడు, నేను చీపురు పట్టుకుని ఉన్నాను.

ఫిబ్రవరి 27

ఎడిటరు ఫోన్ చేశాడు. అతనితో ఎన్నో సినిమాలకి పనిచేశాను. నా పేరు చెబితే సరిచూడకుండా అతికించేస్తాడు.

"అమ్మా, ఇదేమిటి? ఆఖరి సీన్లో చొక్కా చెయ్యి కలవడం లేదు. దూరపు షాట్‌లో ఎడమ చెయ్యి మడత విప్పేసుకున్నారు. దగ్గరి షాట్లలో రెండూ మడిచే ఉన్నాయి."

"విప్పుకున్నారా? ఎప్పుడు?"

"మొక్క కథ అయ్యాక. మడత లాక్కుని ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నారు. మీరు చూడలేదా?"

చూడలేదు. ఆయన ఏడ్చాడట. నాకు అయిదడుగుల దూరంలో కూర్చుని చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడట, నేను చూడలేదు. చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వుతున్నాను అప్పుడు. టేకు అయ్యాక కూడా చొక్కా వైపు చూడలేదు, భోజనాల దగ్గర విప్పుకున్నాడనుకుని ఫోటో చూసి మళ్లీ మడిచేశాను. ఇన్నేళ్లలో నేను చేసిన మొదటి తప్పు, అందులోనూ ఆయన మీద. ఒక్క దారప్పోగు కూడా నేను వదలని మనిషి మీద.

"మళ్లీ తీయడానికి ఇల్లు కూడా లేదు" అన్నాడు ఎడిటరు. "ఉండనిస్తాను. ఎవరూ చూడరులెండి, అందరూ ఆయన మొహమే చూస్తారు. కానీ మీకేమైంది?"

"నవ్వొచ్చింది" అన్నాను.

చెప్పులేసుకుని వదినగారింటికి బయల్దేరాను.

హాలు నిండా అట్టపెట్టెలు. వదిన పెట్టెకి టేపు అంటిస్తూ నన్ను చూసి, చేత్తో మేడ చూపించి, మళ్లీ టేపులో పడిపోయింది. ఆయన గదిలో సంచీ సర్దుకుంటున్నాడు.

"తప్పు చేశాను" అన్నాను. "మీ చొక్కా చెయ్యి కలవలేదు. ఎడమది విప్పుకున్నారట. నేను చూడలేదు."

ఆయనకి ముందు అర్థం కాలేదు. "నువ్వు చూడలేదా?" అన్నాడు. "నువ్వా?"

"మొక్క కథకి నవ్వుతున్నాను."

సంచీ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత మంచం మీద కూర్చున్నాడు. మొహం అటు తిప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో చూద్దామని ముందుకి అడుగేసినదాన్ని ఆగిపోయాను. అది ఆయన సంగతి.

కాసేపటికి, "ఇంటికి రండి" అన్నాను. అనేశాక భయమేసింది, రాను అంటాడేమోనని.

"వస్తే మళ్లీ కాపలా కాస్తావు."

"కాస్తాను. ఒక్కరోజులో పోతుందా? మీకు ఒక్కరోజులో పోయిందా?"

ఆయన తల ఊపాడు. "నాకైతే కేంద్రం ఉంది. గోలపెట్టినప్పుడు మంచినీళ్లు ఇవ్వడానికి మనుషులున్నారు. నీకు?"

"మీరు మంచినీళ్లు ఇవ్వండి. నోరు తెరవమంటే తెరవకండి. తెరవనని చెప్పండి, నేను నాలుగు తిట్టి ఊరుకుంటాను."

"తిట్లు కూడా పడాలా?"

"పడాలి."

"మరి గదివాళ్లకి మాట ఇచ్చాను కదా" అన్నాడు.

"మీ అక్కగారితో చెప్పిద్దాం. ఆవిడకి పోట్లాట కావాలి" అన్నాను. కిందినుంచి వదిన గొంతు, మా మాటలన్నీ విన్నట్టే, ఆ ఇంటివాళ్ల నంబరు ఎంత అని అడిగింది.

మార్చి 4

వచ్చి మూడోరోజు. బీరువా అర సరిపోలేదు, రెండోది కూడా ఇచ్చాను. ఇల్లంతా సిగరెట్టు కంపు. అదీ మానమని అడగాలా వద్దా అన్నది ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

నిన్న రొట్టె తేవడానికి వెళ్లి ఆలస్యం చేశాడు. గుమ్మంలోకి వెళ్లాను. నిలబడ్డాను. వచ్చాడు. ఎక్కడికెళ్లారని అడిగాను. "చెప్పను" అన్నాడు, మాట మీద నిలబడి. నాలుగు తిట్టాను. మంచినీళ్లు తెచ్చిచ్చాడు. రాత్రి నిద్ర సరిగా పట్టలేదు, అయినా చచ్చిపోలేదు.

ఇప్పుడు పొద్దున్నే స్నానాల గదిలోకి వెళ్లాడు. నీళ్ల చప్పుడు ఆగి చాలాసేపైంది. ఇంకా రాలేదు. అలికిడి లేదు. మామూలుగా అయితే పాడతాడు. తలుపు దగ్గరికి సగం దూరం వెళ్లాను. చెవి ఆనించి వినాలనిపించింది, ఎంత అనిపించిందో ఇక్కడ రాసినా సరిపోదు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నాను. అందుకే అక్షరాలు వంకర పోతున్నాయి.

లోపలి అలమారలో ఏముందో తలచుకున్నాను. దగ్గు మందు. దగ్గు మందులో ఏముంటుందో తలచుకున్నాను. తలచుకోవడం ఆపలేను, లేవడం మాత్రం ఆపగలను. లేవను. లేవను.

తలుపు కొద్దిగా తెరుచుకున్న చప్పుడు.

"ఏమోయ్" అన్నాడు చిన్నగా. ఇంటికొచ్చిన చుట్టం అడిగినట్టు, గొంతు తగ్గించి. "తువ్వాలు తెచ్చుకోవడం మర్చిపోయాను. నిన్ను పిలవాలా వద్దా అని ఇందాకట్నుంచీ ఇక్కడే నిలబడ్డాను."

చలికి వణుకుతూ, తన ఇంట్లో తువ్వాలు అడగడానికి మొహమాటపడుతూ నిలబడ్డాడు. నేను ఇక్కడ, ఆయన అక్కడ, ఇద్దరం అరగంట నుంచీ ఒకే తలుపుకి అటూ ఇటూ బిగబట్టుకుని ఉన్నాం.

లేస్తున్నాను. పొడి తువ్వాళ్లు అన్నీ బాల్కనీలో ఉన్నాయి.